పీఠిక నుంచి ప్రశ్నపత్రం దాకా: మన బడి ప్రణాళిక ఒక పరిశీలన

అయిదు వందల ప్రతులు అచ్చయిన కవితా సంపుటి మీద మనం మూడు సమీక్షలు రాస్తాం. ఒక నవలలో నాయకుడి వర్గస్వభావం గురించి రెండు సంచికల పాటు వాదించుకుంటాం. కాని ఏటా లక్షల ప్రతుల్లో అచ్చయి, ఇష్టాయిష్టాలతో పనిలేకుండా పిల్లల చేతుల్లోకి చేరే తెలుగు వాచకం గురించి మన విమర్శ దాదాపు మౌనంగానే వుంది. ఆ వాచకం వెనక వుండే విద్యాప్రణాళిక సంగతి చెప్పనే అక్కర్లేదు. అది అధికారుల పని అనీ, ఉపాధ్యాయ సంఘాల పని అనీ వదిలేశాం. ఏదో ఒక పాఠం తీసేసినప్పుడు ఒక ఖండన ప్రకటన ఇస్తాం. అంతటితో మన బాధ్యత తీరిందనుకుంటాం.

ఈ వైఖరి సరైంది కాదని నా అభిప్రాయం. ఏది సాహిత్యం, ఏది కాదు, ఎవరి మాట భాష, ఎవరి మాట యాస, ఎవరి పని విజ్ఞానం, ఎవరి పని కేవలం కూలి అనే తీర్పులు ఒక మనిషి జీవితంలో మొట్టమొదట జరిగేది బడిలోనే. సాహిత్య విద్యార్థి విశ్వవిద్యాలయానికి వచ్చి విమర్శ సూత్రాలు నేర్చుకునేనాటికి ఆ తీర్పులు అతనిలో గట్టిపడిపోయి వుంటాయి. కనుక విద్యాప్రణాళికను ఒక గ్రంథంగా తీసుకుని సమీక్షించటం విమర్శకుడి పనుల్లో ఒకటి కావాలి.

నేనిక్కడ సమీక్షకు తీసుకున్నది 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందిన రాష్ట్ర విద్యాప్రణాళికా పరిధిపత్రాన్నీ, దాని ఆధారంగా 2012–13 నుంచి దశలవారీగా వచ్చిన పాఠ్యపుస్తకాలనూ, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో వాటిలో జరిగిన మార్పులనూ. వీటిని విడివిడిగా మెచ్చుకోవటం, తిట్టటం జరిగింది గాని, మొత్తాన్ని ఒకటిగా చూసి విలువకట్టటం తక్కువ. ఒక నవలను పీఠిక చూసి అంచనా వెయ్యం. అట్లాగే ప్రణాళికను దాని ఆశయవాక్యాలు చూసి అంచనా వెయ్యరాదు. నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. ఎవరి జీవితాన్ని అది జ్ఞానంగా గుర్తించింది? ఆ జ్ఞానాన్ని వాచకంలో ఎట్లా పెట్టింది? చివరికి దేన్ని కొలిచింది? ఏ భాషలో కొలిచింది? ఈ నాలుగింటికీ ఒకే జవాబు వస్తేనే అది ప్రణాళిక.

ఇంకొక మాట. ఏ ప్రణాళికనైనా అది అమలయ్యే నేల మీద నిలబడి చూడాలి. నేను చాలా ఏళ్ళుగా వుంటున్నది ఖైరతాబాద్, పంజాగుట్ట, అమీర్‌పేటల నడుమ. అక్కడి సర్కారు బడుల పిల్లలు కొందరికి సాయంత్రాలు తెలుగు చెబుతుంటాను. కనుక నా ఉదాహరణలు అక్కడివే.

1. నాలుగు చదువుల నేల

కాలినడకన అరగంటలో తిరిగిరాగల ఈ ప్రాంతంలో కనీసం నాలుగు రకాల చదువులు నడుస్తున్నాయి. ఒకటి, సర్కారు బడి. ఇక్కడి పిల్లల తల్లిదండ్రులు అపార్టుమెంట్ల వాచ్‌మన్‌లు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, హాస్టళ్ళలో వంటచేసేవాళ్ళు, కట్టుబడి కూలీలు. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళున్నారు, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవాళ్ళూ వున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాత ఖైరతాబాద్ కుటుంబాలున్నాయి. రెండు, అద్దె మేడల్లో నడిచే ప్రైవేటు, కార్పొరేట్ బడులు. వీటిలో ఆటస్థలం వుండదు, ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు వుంటుంది. మూడు, కేంద్ర బోర్డుల సిలబసుతో నడిచే పెద్దబడులు. పక్కనే బేగంపేటలో 1923లో జాగీర్దారుల బిడ్డల కోసం పుట్టిన జాగీర్దార్ కాలేజీ, జాగీర్లు పోయాక 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పేరు మారినంత తేలిగ్గా చదువులోని అంతస్తులు మారవని చెప్పటానికి ఈ చరిత్ర చాలు.

నాలుగోది, అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో 1990ల నుంచి పెరిగిన కంప్యూటరు శిక్షణ సంస్థలు. గోడల నిండా జావా, ఒరాకిల్, డాట్ నెట్ అని మొదలైన కరపత్రాలు కాలాన్నిబట్టి పేర్లు మార్చుకుంటూ వస్తున్నాయి. ఇంజనీరింగు పట్టా చేతబట్టుకుని జిల్లాల నుంచి వచ్చిన యువకులు, యువతులు హాస్టల్ గదుల్లో సర్దుకుని, జిరాక్సు నోట్సు కొనుక్కుని, పదహారేళ్ళ చదువు ఇవ్వనిదాన్ని నాలుగు నెలల్లో సంపాదించటానికి ప్రయత్నిస్తుంటారు. దీన్ని విద్య అనరాదని కొందరంటారు. నేనట్లా అనుకోను. ఇది మన విద్యాప్రణాళికకు బజారు రాసిన అనుబంధం. అసలు గ్రంథాన్ని సమీక్షించేవాడు అనుబంధాన్ని వదలకూడదు.

2. పరిధిపత్రం: దాని బలం

ముందు న్యాయంగా ఒప్పుకోవలసింది చెప్పాలి. 2011 పరిధిపత్రం మన విద్యాచరిత్రలో మంచి పత్రం. అది శూన్యంలో పుట్టలేదు. యశ్‌పాల్ సంఘం 1993లో పిల్లల చదువు బరువు గురించి ఇచ్చిన నివేదిక, ఆయన ఆధ్వర్యంలోనే తయారైన 2005 జాతీయ విద్యాప్రణాళికా చట్రం, 2009 నాటి విద్యాహక్కు చట్టం దాని వెనక వున్నాయి. బడిలోని జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో కలపాలి, బట్టీ నుంచి చదువును తప్పించాలి, పాఠ్యపుస్తకాన్ని దాటి వెళ్ళాలి, పరీక్షను సడలించాలి అనే సూత్రాలు ఈ వారసత్వం నుంచి వచ్చినవే.

ఈ సూత్రాల విలువ తెలియాలంటే అంతకుముందు తెలుగు పాఠం ఎట్లా నడిచేదో గుర్తు చేసుకోవాలి. పాఠం, కవి పరిచయం, ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భసహిత వ్యాఖ్య. పిల్లవాడు పాఠం ముందు నిలబడి అప్పజెప్పటమే పని. అర్థం ముందే ఖరారై వుండేది, దాని తాళంచెవి ఉపాధ్యాయుడి చేతిలోనూ గైడులోనూ వుండేది. పండిత సంప్రదాయమూ వలసపాలన నాటి పరీక్షా కలిసి తయారుచేసిన పద్ధతి ఇది.

2011 తర్వాతి వాచకాలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. పాఠానికి ముందే ఒక బొమ్మో, పేరానో ఇచ్చి 'ఆలోచించి చెప్పండి' అని అడిగాయి. పాఠం మధ్యలో ఆగి మళ్ళీ అడిగాయి. పాఠం చివర అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు, ప్రాజెక్టు పని అని అభ్యాసాలను విభజించాయి. 'ప్రతిస్పందన' అనే మాట చిన్నది కాదు. పిల్లవాడికి పాఠం మీద సొంత అభిప్రాయం వుండవచ్చునని ప్రభుత్వ గ్రంథం అంగీకరించిందని దాని అర్థం. సాంఘికశాస్త్రంలో ఈ మార్పు మరింత లోతుగా జరిగింది. పదో తరగతి పుస్తకంలో ప్రజలు–వలసలు అనే పాఠం వుంది. రాజుల వరుసకు బదులు, బతుకుదెరువు కోసం వూళ్ళు వదిలే మనుషుల కథ అక్కడ పాఠమైంది. ఆ పాఠం చదివేటప్పుడు మా ప్రాంతపు పిల్లలు తలెత్తి ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. తమ ఇంటి సంగతి అచ్చులో వుంటుందని వాళ్ళు అంతకుముందు అనుకోలేదు.

3. వాచకం: ప్రాంతం దొరికింది, పని దొరకలేదు

రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణలో తెలుగు వాచకాలు మళ్ళీ రాశారు. ప్రాథమిక తరగతులకు 'జాబిలి', ఆరు నుంచి ఎనిమిది దాకా 'నవ వసంతం', తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి'. ఇంద్రధనుస్సుకు సింగిడి అనే మాట వాచకం అట్టమీదికి రావటమే ఒక చారిత్రక న్యాయం. ఉమ్మడి రాష్ట్రంలో ఆ మాట పలికిన పిల్లవాణ్ణి వెక్కిరించిన తరగతి గదులున్నాయి.

పదో తరగతి 'సింగిడి'ని ఒక సంకలనంగా చూద్దాం. పన్నెండు పాఠాలు. పోతన, శ్రీనాథుడు, శతక కవులు వున్నారు. దాశరథి, సినారె వున్నారు. సామల సదాశివ 'ఎవరి భాష వాళ్ళకు వినసొంపు' అని చెబుతారు. పాకాల యశోదారెడ్డి 'కొత్తబాట' పల్లె పలుకుబడిలోనే నడుస్తుంది. ఆదిరాజు వీరభద్రరావు గోలకొండ పట్టణాన్ని వర్ణిస్తారు. నెల్లూరి కేశవస్వామి కథల మీద గూడూరి సీతారాం రాసిన పీఠికను 'భూమిక' పేరుతో పాఠం చేశారు. పదిహేనేళ్ళ పిల్లలకు సాహిత్య విమర్శ ఒక ప్రక్రియ అని చెప్పటం చిన్న సాహసం కాదు. సంపాదకుల అభిరుచిని ఇక్కడ మెచ్చుకోవాలి.

రెండు పాఠాలను ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది 'భాగ్యోదయం', భాగ్యరెడ్డి వర్మ జీవితం. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, ఉర్దూ రాజభాషగా వున్న నిజాం నగరంలో దళిత పిల్లల కోసం తెలుగు బడులు నడిపిన మనిషి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్యను ప్రారంభించింది. భారతీయ భాషలో వైద్యమూ ఇంజనీరింగూ చెప్పవచ్చునని అది రుజువు చేసింది. కాని ఆ భాష రాజ్యంలో అత్యధికుల ఇంటిభాష కాదు. ఈ రెండు ప్రయత్నాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, విద్య ఏ భాషలో, ఎవరికి అనే ప్రశ్న ఈ నగరానికి కొత్తది కాదని తెలుస్తుంది. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు తలచుకుంటే ఆ చర్చ అక్కడే మొదలుపెట్టవచ్చు.

రెండవది అలిశెట్టి ప్రభాకర్ 'నగరగీతం'. జగిత్యాల నుంచి వచ్చి, ఈ నగరంలో ఫొటోలు తీస్తూ, పేదరికంతోనూ జబ్బుతోనూ పోరాడుతూ 1993లో చనిపోయిన కవి సర్కారు వాచకంలో చేరాడు. ఆయన బతికున్న రోజుల్లో ఇది ఊహకందని విషయం. నగరం పల్లె మనిషిని ఏం చేస్తుందో ఆయనకు తెలిసినంతగా తెలిసిన కవులు తక్కువ.

ఇక లోపాలు. పన్నెండు పాఠాల్లో స్త్రీ రచన ఒకటే. హైదరాబాదు మీద ఇంత ప్రేమ వున్న వాచకంలో ముస్లిం తెలుగు రచయిత పాఠం లేదు. వీటికన్నా మౌలికమైన లోపం ఇంకొకటి వుంది. వాచకం ప్రాంతాన్ని కనుక్కున్నది గాని పనిని కనుక్కోలేదు. తెలంగాణ పిల్లవాడికి తన నేల, తన మాట, తన వీరులు అచ్చులో కనిపిస్తారు. కాని హాస్టల్లో యాభైమందికి తెల్లవారుజామున ఇడ్లీపిండి కలిపే తల్లి పనిలో లెక్క వుందనీ, నేర్పు వుందనీ, అందులో భాష వుందనీ ఆ పిల్లవాడికి చెప్పే పాఠం లేదు. లిఫ్టు పక్కన మెట్లకింద గదిలో కాపురం వుండే కుటుంబం లేదు. జీవితాన్ని బడితో కలపాలన్న పరిధిపత్రపు మొదటి సూత్రం వాచకానికి వచ్చేసరికి సంస్కృతి దగ్గర ఆగిపోయింది. సంస్కృతిని గౌరవించటం వల్ల ఎవరికీ ఖర్చు లేదు. పనిని గౌరవించాలంటే కూలిరేటు ప్రస్తావన రావలసి వుంటుంది. ప్రాంతీయ అస్తిత్వం అవసరమైన మెట్టే. అక్కడే నిలబడిపోతే అది ప్రైవేటు బడి యజమానికీ వాచ్‌మన్ కొడుక్కీ ఒకే పండుగను ఇచ్చి ఊరుకుంటుంది.

4. ప్రశ్నపత్రం: అసలు ప్రణాళిక

నా దృష్టిలో ప్రణాళికకు నిజమైన మూలపాఠం ప్రశ్నపత్రమే. పిల్లలకూ, తల్లిదండ్రులకూ, ప్రధానోపాధ్యాయుడికీ ఆ సంగతి తెలుసు. తెలియనట్టు నటించేవి పీఠికలు మాత్రమే.

2014–15 నుంచి పదో తరగతి పరీక్షలో సంస్కరణ వచ్చింది. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, బడిలో నిరంతర సమగ్ర మూల్యాంకనానికి 20 మార్కులు. ఆ 20ని పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందన, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అనే నాలుగింటికి పంచారు. బట్టీ జవాబులకు బదులు ఆలోచించి సొంతమాటల్లో రాసే ప్రశ్నలు ఇవ్వాలన్నారు. తెలుగులో సంభాషణ రాయండి, లేఖ రాయండి, కరపత్రం తయారుచెయ్యండి వంటి ప్రశ్నలు వచ్చాయి.

ఈ కరపత్రం సంగతి దగ్గర మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. కరపత్రం ఈ నేల మీద ఏ పని చేసిందో మనకు తెలుసు. పంచినందుకు జైళ్ళకు వెళ్ళినవాళ్ళున్నారు. ఇవాళ పదో తరగతి చదివే ప్రతి అమ్మాయీ, అబ్బాయీ కరపత్రం రాయటం నేర్చుకోవాలని ప్రభుత్వ ప్రణాళికే చెబుతున్నది. సంతోషించవలసిన విషయం. కాని ఆచరణలో ఏమైంది? నేను చూసిన నమూనా జవాబుల్లో కరపత్రాలన్నీ నీటి పొదుపు, చెట్ల పెంపకం, పరిసరాల శుభ్రత గురించే. "ప్రియమైన సోదరసోదరీమణులారా" అని మొదలై, "ఇట్లు, మీ శ్రేయోభిలాషులు" అని ముగుస్తాయి. మధ్యలో ఎవరిమీదా ఫిర్యాదు వుండదు, ఎవరికీ డిమాండు వుండదు. మా సాయంత్రపు తరగతిలో ఒక అమ్మాయి తమ బడిలో మరుగుదొడ్డికి నీళ్ళు రావటం లేదని కరపత్రం రాసింది. తేదీలు వేసింది, ఎన్నిసార్లు చెప్పారో రాసింది, నీళ్ళు ఎప్పటిలోగా రావాలో రాసింది. నేను చదివిన కరపత్రాల్లో అది మంచిది. కాని పరీక్షలో ఇట్లా రాయనని ఆ అమ్మాయే అన్నది. "గైడుల లేదు సార్, మార్కులు తక్కువేస్తరు." ప్రక్రియను బడి నేర్పింది, దానికి ప్రాణమైన కోపాన్ని పరీక్ష తీసేసింది.

'నగరగీతా'నికీ అదే గతి. ఆ కవిత మీద బజారులో దొరికే జవాబు ఏమంటుంది? నగరంలో కాలుష్యం ఎక్కువ, తీరిక తక్కువ, మనుషుల మధ్య ఆప్యాయతలు తగ్గాయి. ఈ జవాబు కారులో తిరిగేవాడూ రాయవచ్చు. కవి ఎవరి పక్షాన నిలబడి నగరాన్ని చూశాడన్న ప్రశ్నే రాదు. అలిశెట్టిని వాచకంలో పెట్టారు, ప్రశ్నలో మాత్రం ఆయన్ను ఎవరైనా కావచ్చునన్నట్టు చేశారు.

ఇక అంతర్గత మూల్యాంకనం. ఊహ గొప్పది. పిల్లలు తమ వాడలో తిరిగి, పెద్దల్ని అడిగి, విషయం సేకరించి ప్రాజెక్టు రాయాలి. ఈ ఊహ నిలబడాలంటే తరగతిలో పిల్లల సంఖ్య తగ్గాలి, ఉపాధ్యాయుల ఖాళీలు నిండాలి, ఉపాధ్యాయుడికి చదివే తీరిక వుండాలి. ఇవేవీ జరగకుండా రిజిస్టర్లు మాత్రం పెరిగాయి. ఫలితంగా ప్రాజెక్టు ఒక సరుకైంది. అట్టమీద బొమ్మ, లోపల కాపీరాత. సర్కారు బడిలో నిజాయితీగల ఉపాధ్యాయుడు 14 వేస్తే, మార్కులే పెట్టుబడిగా నడిచే బడిలో అందరికీ 20 పడతాయి. అప్పుడు ఈ 20 మార్కులు తీసెయ్యాలన్న కేక లేస్తుంది. 2024 నవంబరులో ప్రభుత్వం అట్లా ప్రకటించి, వెంటనే ఆ ఏడుకు వాయిదా వేసుకున్నది. నేను తీసెయ్యటాన్ని సమర్థించను. మార్కులు అమ్ముకునే బడిని పట్టుకోలేక, పిల్లవాడి సొంత పనికి వున్న ఒక్క చోటునూ రద్దు చెయ్యటం న్యాయం కాదు.

5. భాష: తెగని ముడి

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా కఠినమైనది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో వుండాలంటుంది. 2011 పరిధిపత్రం నిర్మాణమంతా ఆ నమ్మకం మీదే వుంది. పిల్లవాడి అనుభవం జ్ఞానానికి మొదలు అయితే, ఆ అనుభవం ఏ భాషలో వుందో ఆ భాష తరగతిలో వుండక తప్పదు. కాని 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు వున్న ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. మాధ్యమం మార్చటమంటే ప్రణాళికకు పునాది మార్చటం. అయినా ప్రణాళికను తిరగరాయకుండానే అది జరిగిపోయింది.

ఇక్కడ మన సాహిత్యకారులు సాధారణంగా చేసే పని తెలుగుతల్లి కన్నీళ్ళు వర్ణించటం. దానివల్ల ప్రయోజనం లేదు. దళిత, బహుజన మేధావులు, ముఖ్యంగా కంచ ఐలయ్య, చాలా కాలంగా అడుగుతున్న ప్రశ్నకు మనం సూటిగా జవాబు చెప్పాలి. ఇంగ్లీషు చదువుతో ఎదిగిన వర్గాలు పేదల బిడ్డలకు మాతృభాషను ఎందుకు బోధిస్తున్నాయి? ఈ పత్రికలో రాసేవారి పిల్లలూ మనుమలూ ఏ మాధ్యమంలో చదువుతున్నారో లెక్క తీస్తే ఆ ప్రశ్న ఎంత న్యాయమైందో తెలుస్తుంది. మా పక్క అపార్టుమెంటులో వాచ్‌మన్ భార్య నాతో అన్న మాట ఇది: "మేమెట్లనో వాకిట్ల కూసోని బతికినం సార్. వాడన్న లోపలికి పోవాల్నంటే ఇంగ్లీషు రావాలె గద." ఈ మాటకు భాషాశాస్త్రంతో జవాబు చెప్పబోవటం అహంకారం.

ఆమె అడిగింది ఇంగ్లీషు రావాలని. ప్రభుత్వం ఇచ్చింది ఇంగ్లీషులో పాఠాలు. ఈ రెండూ ఒకటి కావు. ఇంగ్లీషును భాషగా బాగా నేర్పటానికి ఉపాధ్యాయులు, కథల పుస్తకాలు, మాట్లాడే అవకాశం, రోజూ కొంత సమయం కావాలి. లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో వున్నంత మాత్రాన ఇంగ్లీషు రాదు, లెక్కలూ సైన్సూ కూడా జారిపోయే ప్రమాదం వుంది. అదే సమయంలో ఎదుటి పేజీలోని తెలుగు కూడా పిల్లవాడి తెలుగు కాదని ఒప్పుకోవాలి. 'కిరణజన్య సంయోగక్రియ' ఏ ఇంట్లోనూ వినపడే మాట కాదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటి నుంచి మనం పరిభాషను సంస్కృత నిఘంటువుల నుంచి తెచ్చుకున్నాం గాని, కమ్మరి, సాలె, మేస్త్రీల నోళ్ళనుంచి తక్కువ తెచ్చుకున్నాం. మనం కట్టిన తెలుగు మాధ్యమమూ పేదవాడికి పరాయిగానే వుండింది. అతను దాన్ని వదులుకోవటానికి వెనకాడకపోవటంలో ఆశ్చర్యం లేదు.

ఈ ముడికి ఒక జవాబు నాకు అమీర్‌పేటలో దొరికింది. అక్కడి శిక్షణ తరగతుల్లో పాఠం ఏ భాషలో నడుస్తుందో విన్నవారికి తెలుసు. చాలాచోట్ల సాంకేతిక పదాలు ఇంగ్లీషులో వుంటాయి, వివరణ తెలుగులో వుంటుంది. "ఇక్కడ ఈ లూపు ఎందుకు ఆగట్లేదో చూడు, కండిషన్ ఎక్కడ తప్పింది?" అని అడిగే గురువు మంచి గురువని పేరు తెచ్చుకుంటాడు, అతని క్లాసుకు గది చాలదు. ఇంగ్లీషు మాధ్యమంలో ఇంజనీరింగు చదివి, అర్థంకాక, ఆ చదువును అర్థం చేసుకోవటానికి పిల్లలు డబ్బు కట్టి తెలుగులో వింటున్నారు. మాతృభాషలో అయితేనే అర్థమవుతుందన్న పరిధిపత్రం మాట నిజమని ఏ భాషోద్యమంతోనూ సంబంధం లేని బజారు రుజువు చేసింది. సర్కారు బడి ఉచితంగా ఇవ్వవలసినదాన్ని అమీర్‌పేట ఫీజు తీసుకుని ఇస్తున్నది. ఆ ఫీజు కట్టలేనివాళ్ళ సంగతి ఎవరూ అడగటం లేదు.

తెలుగు వాచకం విషయంలోనూ ఈ చీలిక కనిపిస్తుంది. 2018 చట్టం అన్ని బోర్డుల బడుల్లో పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. 2025లో కేంద్ర బోర్డుల బడుల్లో తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' బదులు 'వెన్నెల' అనే సులభ వాచకం పెట్టాలని నిర్ణయించారు. ఇంట్లో తెలుగు లేని పిల్లలకు సులభ వాచకం ఇవ్వటం సబబే. కాని అదే లెక్కన, మా సర్కారు బడిలో చదివే ఒడియా కూలి కూతురికి ఏ వాచకం ఇస్తారు? సౌలభ్యం పిల్లవాడి భాషను బట్టి రావాలి, బడి అంతస్తును బట్టి కాదు.

6. మన పని

మొత్తంమీద నా అంచనా ఇది. 2011 ప్రణాళిక ఆశయంలో ప్రజాస్వామికం. వాచకంలో సగం ప్రజాస్వామికం. పరీక్షలో పాతది. భాషలో తన ప్రాణసూత్రాన్నే కోల్పోయింది. దాన్ని రాసినవాళ్ళలో చిత్తశుద్ధి లేదనలేం. ఆశయం రాసేవారొకరు, వాచకం కూర్చేవారొకరు, పరీక్ష పెట్టేవారొకరు, మాధ్యమం నిర్ణయించేది మంత్రివర్గం. ఎవరి పని వాళ్ళు చేశారు. ఏ పనికీ ఇంకొక పనితో లంకె లేదు. ఆ సందుల్లో నుంచే బజారు లోపలికి వచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం, దాన్ని అనుసరించి 2023లో వచ్చిన కేంద్ర ప్రణాళికా చట్రం, 2024లో రాష్ట్రం నియమించిన విద్యా కమిషన్, వీటివల్ల పాత ప్రణాళికను మళ్ళీ చర్చకు తీసుకోవలసిన సమయం వచ్చింది. ఆ చర్చలో రచయితలు ఏ పాఠం వుండాలి, ఎవరి కవిత వుండాలి అనే దగ్గరే ఆగిపోతే మనకు దక్కేది ఒకటి రెండు పేజీలు మాత్రమే.

కనుక మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ప్రతి ఏడూ పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రాన్ని మన పత్రిక ఒక సాహిత్య గ్రంథంలా సమీక్షించాలి. ఏ కవితను ఏ ప్రశ్నతో చంపారో, ఏ ప్రశ్న పిల్లవాణ్ణి నిజంగా ఆలోచింపజేసిందో పేర్కొని రాయాలి. రెండు, పని గురించి పిల్లలు చదవగల వచనం మనం రాయాలి. హాస్టల్ వంటగది మీద, సెంట్రింగు పని మీద, మెట్రో స్తంభాల కింద కూరగాయల బండి మీద, ఆ పనుల్లోని మాటలతోనే రాయాలి. వాచకంలో అట్లాంటి పాఠం లేదని నిందించే ముందు, సంపాదకుడు ఏరుకోవటానికి మన దగ్గర ఎన్ని వున్నాయో చూసుకోవాలి. మూడు, ఇంగ్లీషు కోరే తల్లిదండ్రుల పక్కన నిలబడే మాధ్యమం చర్చ చెయ్యాలి. ఇంగ్లీషు గట్టిగా నేర్పు, పాఠం మాత్రం అర్థమయ్యే భాషలో చెప్పు, పరీక్ష ఏ భాషలోనైనా రాయనివ్వు అని అడగాలి.

మా సాయంత్రపు తరగతి అమ్మాయి రాసిన కరపత్రం లాంటివి పిల్లల దగ్గర ఇంకా చాలా వుంటాయి. ఉపాధ్యాయ మిత్రులు వాటిని సేకరించి పంపితే, వచ్చే సంచికల్లో ఈ చర్చను వాటితోనే కొనసాగించవచ్చు.